కళాప్రయోజనమూ, కార్మికవర్గమూ

టాటానగర్ స్టేషనును ఆనుకొని ఉన్న బాగ్‌బేరా నుంచి ఒక రైల్వే సోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. వారి శాఖా సంఘం సభ్యత్వ నిధిలో కొంత మొత్తాన్ని డోలక్ బాగుచేయించడానికీ, ఒక నాటకం రిహార్సళ్ల ఖర్చులకూ కేటాయించినదట. పాత పింఛను పోయిన కాలంలో, ఖాళీ అయిన పోస్టులు భర్తీ కాక ఒక్కొక్కరు ఇద్దరి పని చేస్తున్న కాలంలో, మంచినీటి కొరకు కాలనీవాసులు సంవత్సరాల తరబడి తిరుగవలసి వచ్చిన చోట, కార్మికుని చందా సొమ్ము పాటలకూ ఆటలకూ పోవడం న్యాయమేనా అని ఆ సోదరుడు అడిగారు. కళ అనేది కడుపు నిండినవారి వ్యవహారమని వారి అభిప్రాయం. ఉత్తరంలో కోపం ఉన్నది, ఎత్తిపొడుపు లేదు. ఈ ప్రశ్న బాగ్‌బేరా శాఖకు మాత్రమే సంబంధించినది కాదు గనుక సంపాదకీయంలోనే సమాధానం చెప్పడం సబబని తలచాము.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. 2004 జనవరి 1 తరువాత ఉద్యోగంలో చేరిన యువకుడు తన వృద్ధాప్యాన్ని గురించి ఏ విధంగా ఆందోళన చెందుతున్నాడో మనకు తెలియనిది కాదు. ఏకీకృత పింఛను పథకం 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినా పాత పింఛనును పునరుద్ధరించాలన్న కోరిక అలాగే ఉన్నది. చందాగా వచ్చే ప్రతి రూపాయికీ సంఘం లెక్క చెప్పవలసిందే. హార్మోనియం కొన్నవాడు కూడా, ఎందుకు కొన్నాడో చెప్పగలగాలి.

అయితే సాధారణంగా మన నాయకులు చెప్పే సమాధానం వినదగినది కాదు. పాట పెడితే జనం వస్తారని వారంటారు. మన సభలు ఎట్లా జరుగుతాయో పాఠకులకు తెలుసు. ముఖ్యవక్త రైలు ఆలస్యమయినంత సేపు గాయకుడు పాడుతూ ఉంటాడు. వక్త వేదిక మెట్లు ఎక్కగానే చరణం మధ్యలో పాట ఆగిపోతుంది, మైకు చేతులు మారుతుంది. పాట చేసే పని అంతే అయినట్లయితే బాగ్‌బేరా సోదరుని మాటే నిజం. బడిగంటకు ఇంత ఖర్చు అక్కరలేదు. ఇక రెండవ సమాధానం: అలసిన మనిషికి వినోదం కావాలని. కావలసిందే. కాని ఆ పని నేడు ప్రతివాని జేబులోని ఫోను రాత్రింబవళ్లు చేస్తూనే ఉన్నది, దానికి సంఘం చందా అవసరం లేదు. కాబట్టి కళకు వేరే ప్రయోజనమేదైనా ఉన్నదా అన్నదే అసలు విచారించవలసిన విషయం.

మన పట్టాల మీద నుంచే మొదలు పెడదాము. యంత్రాలు రాని రోజుల్లో గ్యాంగ్‌మన్లు గునపాలు పట్టుకొని పట్టాను ప్రక్కకు జరిపేటప్పుడు ఒకడు పదం ఎత్తుకొనేవాడు, మిగిలినవారు అందుకొనేవారు. అందరి బలమూ ఒకే క్షణంలో పడకపోతే పట్టా కదలదు. ఆ క్షణాన్ని నిర్ణయించేది మేస్త్రీ ఈల కాదు, పాటలోని ఊనిక. ఆ పదం కట్టినవాడు కవినని అనుకోలేదు. జర్మన్ ఆర్థిక శాస్త్రవేత్త కార్ల్ బ్యూహర్ 1896లో శ్రమ, లయ అనే అంశం మీద ఒక గ్రంథమే వ్రాసి, లోకంలోని అనేక జాతుల పనిపాటలను పరిశీలించి, సంగీతానికీ కవిత్వానికీ మూలం సామూహిక శ్రమలోని లయలో ఉన్నదని వాదించాడు. ప్లెఖానోవ్ ఆ వాదాన్ని అందుకొని కార్మికోద్యమ సాహిత్యంలోకి తెచ్చాడు. శ్రమ నుంచే సకల కళలూ పుట్టాయని మన వేదికల మీద తరచు వినిపించే మాటకు ఇదే మూలం. అది చాలవరకు నిజమే గాని పూర్తిగా నిజమని మేమనుకోము. జోలపాట ఏ బరువునూ కదల్చదు. శవం దగ్గర కూర్చున్న తల్లి ఏడుస్తూనే వరుస కట్టి బిడ్డ గుణాలు చెప్పుకుంటుంది, దాని వల్ల ఏ ఉత్పత్తీ పెరగదు. శ్రమ లయను ఇచ్చి ఉండవచ్చు, ఆ లయలో మనిషి ఏమి చెప్పుకోదలచాడన్నది వేరే సంగతి.

దీనికి నిదర్శనం బాగ్‌బేరాకు దూరాన లేదు. కాలనీ ప్రక్క నుంచి ప్రవహించే ఖర్కాయి నది ఒడ్డునే ఎగువన సరాయికేలా పట్టణం ఉన్నది. అక్కడి ఛౌ నృత్యం జగత్ప్రసిద్ధం. సరాయికేలా, మయూర్‌భంజ్, పురూలియా అని మూడు సంప్రదాయాలు గల ఛౌ నృత్యాన్ని యునెస్కో 2010లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చైత్ర పర్వంలో డోళ్లు, షెహనాయీల నడుమ ముఖానికి ముసుగు ధరించి సరాయికేలా నర్తకుడు ఆడుతాడు. ముఖం కనిపించదు, కన్ను కదలదు, మాట లేదు. చెప్పవలసినదంతా భుజం, నడుము, మోకాలు, పాదం చెప్పాలి. ఈ నృత్యంలోని అడుగులు ఎక్కడ నుంచి వచ్చాయో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొన్ని కత్తి డాలు పట్టిన యోధుల సాధన నుంచి, కొన్ని పశుపక్ష్యాదుల నడక నుంచి వచ్చాయి. మరికొన్ని పల్లెటూరి ఇల్లాలు నిత్యం చేసే పనుల నుంచి వచ్చాయి. పేడ కలపడం, వాకిలి ఊడ్వడం, ధాన్యం చెరగడం వంటి పనులే తాళంలో ఒదిగి అడుగులయ్యాయి. వాటిని ఉఫ్లీలు అంటారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. వాకిలి ఊడ్చే స్త్రీని ఆ ఊరిలో ఎవరూ తలయెత్తి చూడరు. ఆ పని రోజూ జరుగుతుంది, రోజూ చెరిగిపోతుంది, దానికి కూలి లేదు, పేరు లేదు. అదే వంపు, అదే చేతి విసురు నృత్యంలోకి వచ్చినప్పుడు ఊరంతా రాత్రివేళ దివిటీల వెలుగులో కూర్చుండి కళ్లప్పగించి చూస్తుంది. రోజూ ఎదుట ఉన్నా చూడనిదాన్ని చూసేటట్లు చేయడం కళ చేసే మొదటి పని. ఆ పనులు చేసేది స్త్రీలు, వాటిని నృత్యంగా ఆడే హక్కు మాత్రం సంప్రదాయం పురుషులకే ఇచ్చిందన్నది వేరే కథ. సరాయికేలాలో రాజకుటుంబం వారే ఈ కళను పోషించి స్వయంగా ఆడారు కూడా. శ్రమజీవి కదలిక రాజాంతఃపురం దాకా వెళ్లింది, శ్రమజీవి మాత్రం వాకిట్లోనే ఉండిపోయింది. కళ పుట్టిన చోటు ఒకటి, దాని మీద పెత్తనం మరొకటి కావడం చరిత్రలో మామూలే. ఈ తేడాను కార్మికోద్యమం మరువరాదు.

టాల్‌స్టాయ్ 1897–98లో కళ అంటే ఏమిటన్న ప్రశ్నతోనే ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో మొదటి అధ్యాయంలోనే ఒక ఆపెరా రిహార్సలు కనిపిస్తుంది. తెర వెనుక చీకటిలో, దుమ్ములో చాకిరీ చేసే పనివాళ్లను, తప్పు పాడిన గాయకులను నిర్వాహకుడు నోటికి వచ్చినట్లు తిడుతూ ఉంటాడు. ఇంతమంది శ్రమనూ గౌరవాన్నీ మింగే ఈ వస్తువు ఎవరికి కావాలని టాల్‌స్టాయ్ నిలదీశాడు. ఒక మనిషి అనుభవించిన భావం మరొక మనిషికి అంటుకొనడమే కళ అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతో షేక్స్‌పియరునూ, బీథోవెన్ తొమ్మిదవ సింఫనీనీ కూడా త్రోసిపుచ్చాడు. అంతదూరం మేము వెళ్లలేము. అయినా ఒకరి అనుభవం మరొకరికి చేరడమన్న మాట మాత్రం తపాలా, రైల్వే ఉద్యోగులకు చక్కగా అర్థమవుతుంది. మన వృత్తి కూడా ఒకచోట ఉన్నదాన్ని మరొకచోటికి చేర్చడమే కదా.

ఈ సందర్భంలో మన వర్గానికి చెందిన ఒక మహానుభావుని తలచుకోవాలి. దీనబంధు మిత్ర పేరు బెంగాలీలు తరచు తలుస్తారు గాని ఆయన తపాలా ఉద్యోగి అన్న సంగతి మన సభల్లో వినిపించదు. 1830లో పుట్టిన ఆయన 1855లో పాట్నాలో పోస్టుమాస్టరుగా చేరాడు. తరువాత తనిఖీ ఉద్యోగంలో నదియా, ఢాకా, ఒరిస్సా ప్రాంతాలన్నీ తిరిగాడు. జీవితం చివరలో, 1872లో, రైల్వేలో ఇన్‌స్పెక్టరుగా కూడా పనిచేశాడు. తపాలా కార్యాలయాలు తనిఖీ చేస్తూ పల్లెపల్లె తిరిగే ఆ ఉద్యోగి కంటబడినది నీలిమందు రైతుల దుర్గతి. తెల్లదొరలు బయానా అంటగట్టి, వరి పండవలసిన పొలంలో బలవంతంగా నీలిమొక్క వేయించేవారు. ఎదురు చెప్పినవానికి దెబ్బలు, గిడ్డంగిలో నిర్బంధం, అతని ఇంటి ఆడవారికి అవమానం. పై అధికారికి పంపే నివేదికలో ఇవి వ్రాయడానికి గడి లేదు. అందుచేత ఆయన నాటకం వ్రాశాడు.

‘నీల్ దర్పణ్’ 1860లో ఢాకాలో అచ్చయింది. ప్రభుత్వోద్యోగి గనుక రచయిత పేరు వేయలేదు, ఎవరో ఒక బాటసారి రచన అని మాత్రమే సూచించారు. తనిఖీకి తిరిగే తపాలా ఉద్యోగికి అంతకంటె తగిన మారుపేరు ఉండబోదు. 1861లో రెవరెండ్ జేమ్స్ లాంగ్ దాని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించగా, దొరలు ఆయన మీద కేసు పెట్టారు. కోర్టు నెలరోజుల జైలు, 1000 రూపాయల జుల్మానా విధించింది. జుల్మానాను కాళీప్రసన్న సింహ అక్కడికక్కడే చెల్లించాడు. 1872 డిసెంబరు 7న కలకత్తాలో నేషనల్ థియేటరు టిక్కెట్టు పెట్టి జనసామాన్యానికి తలుపులు తెరిచినప్పుడు ప్రదర్శించిన మొదటి నాటకం ఇదే. ఆ నాటకాలను చూసి బెదిరిన ప్రభుత్వం 1876లో నాటక ప్రదర్శనల చట్టాన్ని తెచ్చింది. ఏ నాటకాన్నయినా ప్రజలను రెచ్చగొట్టేదని ముద్రవేసి ఆపివేసే అధికారం దానివల్ల పాలకులకు దక్కింది. దొరలు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ చట్టం గ్రంథంలో అలాగే ఉండిపోయి, 2018లో గాని రద్దు కాలేదు. నూటనలభై సంవత్సరాలకు పైగా ప్రభుత్వాలు నాటకాన్ని చూసి జాగ్రత్తపడ్డాయి. కడుపు నిండినవారి కాలక్షేపానికి ఇంత భయం దేనికి?

అయితే ఇక్కడ అతిశయోక్తికి పోరాదు. నాటకం వల్ల నీలిరైతుల తిరుగుబాటు వచ్చిందని కొందరు ఉపన్యాసకులు చెబుతూ ఉంటారు. వాస్తవం అందుకు భిన్నం. రైతులు 1859లోనే నీలి సాగు చేయబోమని భీష్మించారు. పోరాటం ముందు వచ్చింది, నాటకం తరువాత వచ్చింది. నాటకం చేసినది ఏమంటే, ఏనాడూ నీలిపొలం చూడని కలకత్తా గుమాస్తాను ఆ పొలం గట్టు మీద నిలబెట్టింది. పట్టణంలోని చదువరికీ, పల్లెలోని రైతుకూ మధ్య ఉన్న గోడలో ఒక కిటికీ తెరిచింది. కళ నుంచి సంఘం ఆశించవలసినదీ ఇదే. సమ్మెను కళ తీసుకురాలేదు. సమ్మెలో ఉన్నవాని ఇంట్లో ఏమి జరుగుతున్నదో సమ్మెలో లేనివానికి తెలియజేయగలదు.

తపాలా సోదరులు మరొక పేరు కూడా గుర్తుంచుకోదగును. బెంగాలీ కవి సుకాంత భట్టాచార్య ఇరవై ఏళ్లకే, 1947లో, క్షయతో మరణించాడు. చీకటి రాత్రి లాంతరు పట్టుకొని తపాలా సంచి మోస్తూ పరుగెత్తే హర్కారా మీద ఆయన వ్రాసిన ‘రానార్’ అన్న కవితకు సలీల్ చౌధురీ బాణీ కట్టగా హేమంత కుమార్ పాడాడు. ఊరందరి డబ్బూ, ఊరందరి కబుర్లూ వీపు మీద మోసేవాని స్వంత ఇంటి లేమిని గురించి ఎవరికీ ఉత్తరం రాదన్నది ఆ పాటలోని బాధ. నేటి గ్రామీణ డాక్ సేవక్ ఆ పాట వింటే పరాయివాని కథ అనుకోడు. తన వృత్తిలోని అవమానానికి మాటలు దొరకకనే మనిషి సగం క్రుంగిపోతాడు. మాటలు దొరికిన రోజున అది అతని ఒక్కని అదృష్టహీనత కాదనీ, అందరికీ ఉమ్మడి అన్యాయమనీ తెలుస్తుంది. కోర్కెల పత్రం తయారు కావడానికి ముందు జరగవలసిన పని అది.

తెలుగునాట ఈ పని ఎంత గొప్పగా జరిగిందో కొత్తగా చెప్పనక్కరలేదు. 1943లో బెంగాలు కరువు లక్షలాది ప్రాణాలను బలిగొన్న సంవత్సరంలోనే బొంబాయిలో ఇప్టా, మన ప్రాంతంలో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పాత జంగంకథకు కొత్త ప్రాణం పోసి బుర్రకథను ఊరూరా మోగించాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకం తెలంగాణా రైతు పోరాటాన్ని కోస్తా జిల్లాల రైతుకు చూపింది. దాన్ని ప్రభుత్వం నిషేధించింది. బాగ్‌బేరా తెలుగువారిలో ఎందరికో స్వస్థలమైన ఉత్తరాంధ్ర నుంచే వచ్చిన వంగపండు ప్రసాదరావు విశాఖపట్టణం హిందుస్తాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేస్తూనే జానపద బాణీల్లో పాటలు కట్టాడు. యంత్రం ముందు నిలబడినవాడే యంత్రం మీద పాట కడితే దానిలో ఇనుము వాసన ఉంటుంది.

ఇక సంఘమూ కళా చేతులు కలిపిన ఘట్టం ఢిల్లీ పరిసరాల్లో జరిగింది. 1978లో జన నాట్య మంచ్ ‘మెషీన్’ అనే వీధినాటకం వేసింది. నిడివి 13 నిమిషాలు మాత్రమే. ఘజియాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీలో కార్మికులు అడిగినవి సైకిళ్లు నిలుపుకొనే చోటు, టీ త్రాగడానికి క్యాంటీను వంటివి. అందుకు బదులుగా వారి మీద తుపాకులు పేలాయి. ఇంత చిన్న కోర్కెకు ఇంత పెద్ద శిక్షా అన్న ప్రశ్నను ఆ నాటకం ఉపన్యాసం లేకుండా వేసింది. ఆ బృందానికి చెందిన సఫ్దర్ హాష్మీ 1989 జనవరి 1న సాహిబాబాద్‌లోని ఝండాపూర్ కార్మికవాడలో ‘హల్లా బోల్’ ప్రదర్శిస్తుండగా దుండగులు దాడిచేశారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు అక్కడే ప్రాణం విడిచాడు, మరునాడు సఫ్దర్ కన్నుమూశాడు. జనవరి 4న ఆయన సహచరి మలయశ్రీ హాష్మీ బృందంతో అదే చోటికి తిరిగి వెళ్లి, ఆగిన నాటకాన్ని పూర్తిగా ప్రదర్శించింది.

ఇన్ని చెప్పి, మన నాటకాలను గురించి నాలుగు కఠినమైన మాటలు చెప్పకపోతే న్యాయం కాదు. వార్షికోత్సవాలలో మేము చూసిన సంఘ నాటకాలు అనేకం ఒకే అచ్చులో పోసినవి. కార్మికుడు సర్వసద్గుణ సంపన్నుడు, అధికారి రాక్షసుడు, కార్మికుని భార్య ఏడవడానికే పుట్టినది. తెర లేచిన అయిదు నిమిషాల్లో ముగింపు ఏమిటో ముందు వరుసలోని పిల్లవానికి కూడా తెలుస్తుంది. చివరకు అందరూ జెండా పట్టుకొని నినాదం ఇస్తారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి భార్య మీద చేయిచేసుకునే కార్మికుడు, లంచం తీసుకోని అధికారి, సమ్మెనాడు భయపడి డ్యూటీకి వెళ్లి జీవితమంతా ఆ సంగతి మరువలేని మనిషి — వీరు ఆ నాటకాల్లోకి రారు. 1974 మే 8 నుంచి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో వేలాదిమంది జైళ్లకు పోయారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కుటుంబాలతో సహా క్వార్టర్ల నుంచి వీధిన పడ్డారు. అదే సమ్మెలో డ్యూటీకి వెళ్లినవారూ ఉన్నారు. ఆ రెండు రకాల ఇళ్లు ఒకే వరుస క్వార్టర్లలో ఆ తరువాత ఏళ్ల తరబడి ఎట్లా కాపురం చేశాయో ఒక మంచి నాటకం చెప్పగలదు, తీర్మానం చెప్పలేదు. నిజం చెప్పడానికి జంకే కళ పాలకుల చేతిలో ఉన్నా మన చేతిలో ఉన్నా ఒకటే.

పోరాటానికి నేరుగా ఉపయోగపడని కళ సంగతి ఏమిటని కొందరడుగుతారు. రవీంద్రుడు 1911లో ‘డాక్‌ఘర్’ అనే చిన్న నాటకం వ్రాశాడు. జబ్బుతో గది దాటరాని అమల్ అనే బాలుడు కిటికీలో నుంచి ఎదుట వెలసిన కొత్త తపాలా కార్యాలయాన్ని చూస్తూ, రాజుగారి వద్ద నుంచి తనకు ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తాడు. ఇంతే కథ. 1942 జూలై 18న నాజీలు గోడకట్టి బంధించిన వార్సా యూదువాడలో వైద్యుడు యానుష్ కోర్చాక్ తన అనాథాశ్రమం పిల్లల చేత ఆ నాటకం ఆడించాడు. మూడు వారాలు తిరగకుండానే ఆయననూ సుమారు 200 మంది పిల్లలనూ ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. తరలించినది రైలులోనే అన్న సంగతి రైల్వే ఉద్యోగులు గుర్తుంచుకోవాలి. ఆ నాటకం వారిని కాపాడలేదు. కాని మరణం ముంగిట నిలిచిన పిల్లలు భయంతో కాక ఒక కథతో ఆ కాలాన్ని గడిపారు. వేల మైళ్ల దూరాన ఒక బెంగాలీ కవి ఊహించిన తపాలా కార్యాలయం వారికి పనికివచ్చింది. దీని ప్రయోజనాన్ని ఏ ఖాతాలో వ్రాయాలో మాకు తెలియదు. ప్రయోజనం లేదని మాత్రం అనలేము.

మళ్లీ బాగ్‌బేరాకు వద్దాము. 1919లో కాలీమాటి స్టేషను టాటానగర్‌గా పేరు మార్చుకొనేనాటికే బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే వెంట తెలుగువారు బ్రతుకుతెరువు కొరకు ఈ ప్రాంతాలకు చేరడం మొదలయింది. ఖరగ్‌పూరులో 1927 నాటి బి.ఎన్.ఆర్. సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి.గిరి కూడా గంజాం నుంచి వచ్చినవారే. ఆ తరం తమతో హరికథను, భజనను, నాటక పద్యాన్ని తెచ్చుకున్నది. వారి మునిమనుమలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు అక్షరం చాలామందికి రాదు. ఈ పత్రికను తండ్రి చదువుతాడు, కొడుకు చదవలేడు. ఇది పింఛను సమస్య కంటె చిన్నదని ఎవరైనా అంటే మేము వాదించము, కాని సమస్య కాదని అంటే ఒప్పుకోము. ప్రక్కనే ఉన్న సంతాలీల నుంచి ఈ విషయంలో నేర్చుకోవలసినది ఉన్నది. పండిత రఘునాథ్ ముర్ము 1925లో తమ భాషకు ఓల్ చికీ లిపిని రూపొందించి, దాన్ని జనంలోకి తీసుకొని పోవడానికి నాటకాన్ని ఆశ్రయించాడు. 1942 నాటి ‘బిదు చందన్’ నాటకంలో ఇద్దరు ప్రేమికులు తమ మనసు తెలుపుకోవడానికి అక్షరాలు కనిపెడతారు. ప్రభుత్వ సహాయం లేకుండా ఒక లిపి వ్యాపించింది, 2003 రాజ్యాంగ సవరణతో ఆ భాష ఎనిమిదవ షెడ్యూలులోకి ఎక్కింది. నాటకంలో వేషం దొరికితే సంభాషణ చదువుకోవడానికైనా మన పిల్లవాడు అక్షరాలు నేర్చుకుంటాడు. బాగ్‌బేరా శాఖ వేయదలచిన నాటకానికి ఈ ఒక్క ఫలితం వచ్చినా డోలక్ ఖర్చు దండుగ కాదు.

పైగా ఆ కాలనీలో హో, సంతాలీ, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారు ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టుకుంటారు. ఒకరి పండుగ డప్పు మరొకరికి నిద్రాభంగంగా మాత్రమే వినిపించేటంత కాలం వారిని విడదీయడం సులభం. తెలుగువారి నాటకం తెలుగువారికి మాత్రమే అయితే అది సగం పనే.

ఇక కోర్కెల విషయం. కళకు కావలసినవి వాయిద్యం, స్థలం, కాలం. వాయిద్యాన్ని చందాతో కొనవచ్చు, మిగిలిన రెండూ పోరాడి తెచ్చుకోవలసినవి. బ్రిటిష్ కాలంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లు యూరోపియన్లకు వేరుగా, భారతీయులకు వేరుగా ఉండేవి. ఆ భేదం పోయి హాలు అందరిదీ అయినాక అనేక చోట్ల అది పెళ్లిళ్లకు అద్దెకిచ్చే మంటపంగా దిగజారింది. నాటకం వారు తాళంచెవి కొరకు పది రోజులు తిరగవలసి వస్తున్నది. ఇన్‌స్టిట్యూట్ కమిటీ ఎన్నికలను మన శాఖలు పట్టించుకోకపోవడమే ఇందుకు ముఖ్యకారణం. కాలం సంగతి ఇంకా కష్టం. రన్నింగ్ సిబ్బందికి ఎనిమిది గంటల పని 1974 సమ్మె కోర్కెలలో ఒకటి. మనిషికి పని, నిద్ర పోను తనకంటూ కొన్ని గంటలు ఉండాలన్నదే ఎనిమిది గంటల ఉద్యమానికి మొదటి నుంచీ ఉన్న అర్థం. ఖాళీలు భర్తీ కాకపోతే డ్యూటీ పన్నెండు గంటలవుతుంది, రిహార్సలుకు వచ్చేవాడుండడు. కాబట్టి ఖాళీల భర్తీకీ డోలక్‌కూ మధ్య వైరం కల్పించడం సరికాదని బాగ్‌బేరా సోదరునికి మనవి చేస్తున్నాము. కేటాయించిన మొత్తానికి పైసాతో సహా లెక్క సర్వసభ్య సమావేశంలో పెట్టాలని ఆయన అడిగితే మాత్రం మేము ఆయన పక్షమే.

రాబోయే సంచికల నుంచి ఈ పత్రికలో ఒక పుటను కార్మికుల పాటలకు కేటాయిస్తున్నాము. గ్యాంగ్ పనిలో, గూడ్సు షెడ్డులో, నడిచే బండిలో ఆర్.ఎం.ఎస్. సార్టింగు నాటి రాత్రులలో పాడుకున్న పదాలు జ్ఞాపకమున్న పదవీ విరమణ చేసిన సోదరులను కలిసి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి పంపవలసినదిగా శాఖా కార్యదర్శులను కోరుతున్నాము. పాడినవారి ఊరు, చేసిన పని, పాట ఏ పనిలో పాడేవారో తెలపాలి. కాగితానికి ఒకవైపున మాత్రమే వ్రాయాలి. భాష దిద్దవద్దు.